తెలుగు నేలలో ఉబ్బసం: చేప మందు నుంచి జన్యువుల దాకా

ఉబ్బసం ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకుపోయే గొట్టాలకు వచ్చే దీర్ఘవ్యాధి. ఆ గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంత వాచి ఉంటుంది. చుట్టూ ఉన్న కండరం చిన్న కారణానికే బిగుసుకుంటుంది. చిక్కటి కఫం చేరి ఉన్న దారిని ఇంకా ఇరుకు చేస్తుంది. పీల్చుకున్న గాలిని బయటికి వదలడమే పెద్ద కష్టమవుతుంది కాబట్టి ఊపిరి విడిచేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. తెల్లవారుజామున ఆయాసం పెరుగుతుంది; పడుకోలేక లేచి కూర్చుంటే కాస్త నయంగా ఉంటుంది. ఊళ్లో ఎవరి పిల్లవాడికైనా ఇలా వస్తే పెద్దవాళ్లు ముందు అడిగేది ‘మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?’ అనే. చాలాసార్లు ఉంటుంది కూడా. తాతకో మేనత్తకో ఉబ్బసం, తల్లికి ఏటా తుమ్ముల బాధ, అన్నకు చిన్నప్పుడు ఎగ్జిమా. ఈ జబ్బు వంశంలో నడుస్తుందన్న సంగతి తెలుగు ఇళ్లకు ఏ పరిశోధనా చెప్పకముందే తెలుసు. వంశంలో నడిచేది సరిగ్గా ఏమిటన్నది కొంతవరకు తేలడానికే నూరేళ్లకు పైగా పట్టింది. అది ఇంకా పూర్తిగా తేలలేదు.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట మండలాల మామిడి తోటల్లో ఏడాదంతా గాలి ఒకే తీరున ఉండదు. సంక్రాంతి ముందూ వెనకా కోతలు, నూర్పిళ్లు, గడ్డివాముల దుమ్ము. ఆ వెంటనే మామిడి పూత, పూతను కాపాడుకోవడానికి మందు పిచికారీ. ఎండాకాలంలో మార్కెట్ యార్డుల్లో లారీల పొగ, కాయలను సర్దే ఎండుగడ్డి నుసి. జూన్‌లో తొలకరి పడితే తడిసిన గోడల మీద బూజు. ఉబ్బసం ఉన్నవాళ్లు చాలామంది పూతనే తప్పు పడతారు. నిజానికి మామిడి పుప్పొడిని మోసేది ప్రధానంగా ఈగలు, ఇతర కీటకాలు. ఆ పుప్పొడి బంకగా ఉంటుంది, గాలిలో ఎక్కువ దూరం పోదు. గాలికి ఎగిరే గడ్డిజాతుల పుప్పొడి, సర్కారు తుమ్మ, వయ్యారిభామ, బూజు విత్తులు, పరుపుల్లో బతికే కంటికి కనిపించని దుమ్ముపురుగులు చేసే చెరుపు అంతకంటే ఎక్కువ. అయినా ఒకే ఇంట్లో, ఒకే దుమ్ములో పెరిగిన నలుగురు పిల్లల్లో ఒకరికే ఆయాసం ఎందుకు వస్తుందన్న ప్రశ్న గాలితో తీరదు. దాని జవాబులో సగం ఒంట్లోనే ఉంది.

ఆయుర్వేదం ఈ జబ్బును తమక శ్వాస పేరుతో ఎరుగు. చరక సంహిత చెప్పిన అయిదు శ్వాసల్లో అది ఒకటి. పడుకుంటే పెరగడం, కూర్చుంటే ఉపశమించడం, మబ్బు పట్టినప్పుడూ చల్లగాలి వీచినప్పుడూ ఎక్కువ కావడం, ఇవన్నీ ఇప్పటి వైద్యుడు రోగిని అడిగి రాసుకునే లక్షణాలే. కొత్తగా వచ్చినదైతే కుదురుతుంది, ముదిరితే యాప్యం, అంటే వేళ్లతో సహా తీసెయ్యలేం గాని అదుపులో పెట్టుకోవచ్చు, అన్నాడు చరకుడు. తల్లిదండ్రుల బీజం నుంచే వచ్చే రోగాలకు సుశ్రుతుడు ‘ఆదిబల ప్రవృత్తాలు’ అని వేరే తరగతి ఏర్పరిచాడు. అందులో ఆయన ఉదాహరణగా చెప్పినవి కుష్ఠు, మొలలు; శ్వాస రోగం పేరు అక్కడ రాదు. పాత వైద్యులు ఉబ్బసంలో వంశం కంటే ఆహారం, రుతువు, ధూళి, పొగలకే ఎక్కువ బరువిచ్చారని దీన్నిబట్టి అనుకోవచ్చు. వాడిన మందుల్లో అడ్డసరం ముఖ్యమైనది. కఫాన్ని పలచన చేసే నేటి బ్రోమ్‌హెక్సిన్ మందుకు మూలం ఆ ఆకులోని వాసిసిన్ అనే పదార్థమే.

మరో మందు ఇక్కడి నుంచి సముద్రాలు దాటింది. ఎండిన ఉమ్మెత్తను చిలుంలో వేసి పొగ పీల్చడం దక్షిణాదిలో పాత అలవాటు. మద్రాసులో కంపెనీ ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ దాన్ని ఉబ్బసానికి వాడేవాడు. నూజివీడు ఉన్న ఉత్తర సర్కారులు అప్పటికే మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1802లో జనరల్ జెంట్ అనే సైనికాధికారి ఈ వైద్యాన్ని బ్రిటన్‌కు చేరవేశాడు. అక్కడి నుంచి ఉమ్మెత్త సిగరెట్లు యూరప్, అమెరికా మందుల దుకాణాల్లో నూరేళ్లకు పైగా అమ్ముడుపోయాయి. గాలిగొట్టాల కండరాన్ని బిగించే నరాల సంకేతాన్ని ఉమ్మెత్తలోని అట్రోపిన్ అడ్డుకుంటుంది. మోతాదు కాస్త మించితే మతి తప్పించే విషం కూడా అదే. ఇప్పుడు నెబ్యులైజర్‌లో వాడే ఇప్రాట్రోపియం ఆ అట్రోపిన్ నుంచే, విషగుణం తగ్గించి తయారుచేసింది.

తెలుగువాళ్లలో ఉబ్బసం అనగానే గుర్తొచ్చేది మాత్రం హైదరాబాద్ చేప మందు. 1845లో బత్తిని వీరన్న గౌడ్‌కు ఒక సాధువు ఈ మందు రహస్యం చెప్పాడని, డబ్బు తీసుకోకుండా ఇవ్వమని మాట తీసుకున్నాడని ఆ కుటుంబం చెబుతుంది. పాతబస్తీ దూద్‌బౌలిలోని వాళ్ల ఇంటి దగ్గర మొదలైన పంపిణీ, జనం పెరిగి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. కొన్నేళ్లు కాటేదాన్‌లోనూ జరిగింది. మృగశిర కార్తె ప్రవేశించే రోజున, జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో, ఆంధ్ర జిల్లాల నుంచీ ఉత్తరాది నుంచీ వేలమంది ముందురోజే మైదానానికి చేరతారు. నూజివీడు వైపు రసాల కోత ముగింపుకొచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులవి.

మైదానంలో మత్స్యశాఖ కౌంటర్ల దగ్గర బతికున్న కొర్రమీను పిల్లను కొనుక్కోవాలి. రెండు మూడు అంగుళాల పిల్ల అది, నీళ్లున్న ప్లాస్టిక్ సంచిలో ఇస్తారు. వరుస ముందుకు జరిగి కుటుంబ సభ్యుడి దగ్గరికి చేరాక ఆయన పసుపుపచ్చ ముద్దను చేప నోట్లో కూరి, రోగి నోరు తెరిపించి గొంతులోకి తోస్తాడు. పసిపిల్లలకైతే ముక్కు మూసి మరీ వేస్తారు. శాకాహారులకు చేప బదులు బెల్లంలో పెట్టి ఇస్తారు. ఆ తరువాత 45 రోజుల పథ్యం. వరసగా మూడేళ్లు తీసుకుంటే జబ్బు పోతుందని చెబుతారు. చేప కదులుతూ దిగి గొంతులోని కఫాన్ని ఊడ్చేస్తుందన్నది దీని వెనక ఉన్న వివరణ. కాని చేప దిగేది అన్నవాహికలోకి; ఉబ్బసం ఉన్నది శ్వాసనాళాల్లో. ముద్దలో ఏముందో కుటుంబం బయటపెట్టలేదు. జన విజ్ఞాన వేదిక అనే సంస్థ దీన్ని మందు అనడం మీద కోర్టుకెళ్లి పోరాడింది. ఇప్పుడు దాన్ని చేప ప్రసాదం అనే వ్యవహరిస్తున్నారు. కోవిడ్ కాలంలో ఆగి, 2023లో మళ్లీ మొదలైంది.

తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారనుకోవడం పొరపాటు. దీనికి కారణం ఉబ్బసం నడిచే తీరులోనే ఉంది. ఏడేళ్ల పిల్లలను ఎంచుకుని ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1964లో ఒక అధ్యయనం మొదలుపెట్టి, వాళ్లు నడివయసుకు వచ్చేదాకా వెంబడించారు. జలుబు చేసినప్పుడు మాత్రమే పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి పెద్దయ్యేసరికి అవి పోయాయి లేదా బాగా తగ్గాయి. చిన్నతనంలోనే తీవ్రంగా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పెద్దయినా మిగిలాయి. ఎనిమిదేళ్ల పిల్లవాడికి మూడు జూన్‌లు వరసగా చేప మింగిస్తే మూడో చేప నాటికి పదేళ్లు నిండుతాయి. తేలికపాటి ఉబ్బసం తనంతట తాను సద్దుమణిగే వయసు సరిగ్గా అదే. తగ్గని పిల్లవాడి తల్లి ‘మనకు పడలేదు’ అనుకుని ఊరుకుంటుంది. చేపతో ఉన్న అసలు ప్రమాదం, దాని మీది భరోసాతో రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్‌ను పక్కన పెట్టడం. తీవ్రమైన ఉబ్బసం ప్రాణం తీయగలదు.

జబ్బు పేరు ఒకటే అయినా లోపల ఉన్నది ఒకటి కాదన్న సంగతి తెలుగు నేల మీదే ముందుగా బయటపడిన సందర్భం ఒకటుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోని క్షయ శానటోరియంలో ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే వైద్యులు 1940లో ఒక విచిత్ర వ్యాధిని వర్ణించారు. రాత్రి దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో క్షయను పోలిన మచ్చలు ఉంటాయి, క్షయ క్రిములు మాత్రం ఉండవు. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి ఉంటాయి. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇయోసినోఫీలియా అని పేరు పెట్టాడు. బోదకాలు పురుగు పిల్లలకు ఒళ్లు అతిగా స్పందించడమే దీనికి కారణమని తరువాత తేలింది. దీన్ని తగ్గించే మందు డైఇథైల్‌కార్బమజైన్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, 1940ల చివర్లో, హెట్రజాన్ పేరుతో వచ్చిన మందు అది. కోస్తా జిల్లాల్లో ఉబ్బసం ముద్ర పడిన ఎందరో రోగులకు ఆ మాత్రలతో ఊపిరి తిరిగి వచ్చింది. బోదకాలు దోమ అందరినీ కుడుతుంది, ఈ ఊపిరితిత్తుల జబ్బు మాత్రం వాళ్లలో కొద్దిమందికే వస్తుంది. ఒకే పురుగుకు ఒక్కో ఒళ్లు ఒక్కోలా స్పందించడమే ఉబ్బసం అధ్యయనంలోనూ కీలకం.

వంశం సంగతిని మొదట లెక్కకట్టి చూసినది అమెరికాలో. 1916లో కుక్, వాండర్‌వీర్ 504 మంది రోగుల కుటుంబాలను పరిశీలించారు. దాదాపు సగంమంది కుటుంబాల్లో అలర్జీ జబ్బులు కనిపించాయి. అవి లేనివాళ్ల కుటుంబాల్లో ఆ వాటా ఏడింట ఒక వంతే. పల్లెలో పెద్దలు అడిగే ప్రశ్నకు అంకెల్లో దొరికిన తొలి జవాబు అది. అయితే ఒక కుటుంబం జన్యువులతో పాటు ఇంటినీ, పొయ్యి పొగనూ, తిండినీ పంచుకుంటుంది. వీటిని విడదీయాలంటే కవలలను చూడాలి. 1971లో స్వీడన్‌లో ఏడువేల కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉబ్బసం ఉంటే రెండోవారికీ ఉన్నది 19 శాతం జంటల్లో. రెండు అండాల కవలల్లో 4.8 శాతం.

ఈ రెండు అంకెలను నూజివీడు తోటమాలి సులువుగా అర్థం చేసుకుంటాడు. చిన్న రసం టెంక నాటితే చిన్న రసమే కాస్తుందన్న భరోసా లేదు. టెంకలో తల్లిచెట్టు సగం, ఏ చెట్టుదో తెలియని పుప్పొడి సగం. అందుకే అంటు కడతారు. ఒకే చెట్టు కొమ్మల నుంచి తీసిన అంట్లన్నిటికీ జన్యువులు ఒకటే. అయినా ఒకే అంటు ఎర్రనేలలో ఒకలా, నీరు నిలిచే నల్లరేగడిలో ఇంకోలా కాస్తుంది. ఒకే అండపు కవలలు అంట్ల లాంటివాళ్లు. వాళ్ల అంకె 4.8 నుంచి 19కి పెరగడం జన్యువుల పని. నూటికి నూరు కాకపోవడం నేల పని. తరువాతి అధ్యయనాల్లో ఉబ్బసపు వారసత్వ భాగం 35 నుంచి 95 శాతం దాకా రకరకాలుగా తేలింది. ఇంత తేడా రావడానికి కారణం, ఆ భాగం ఏ జనంలో, ఏ పరిసరంలో కొలిచారన్న దాన్ని బట్టి మారడమే. దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ డ కున్హా ద్వీపంలో దాదాపు మూడు వందల మంది జనాభాలో సగానికి ఉబ్బసం లక్షణాలు కనిపించాయి. వాళ్లంతా పదిహేనుమంది తొలి వలసదారుల సంతతి.

జన్యువులను వెతికే పని 1989లో ఊపందుకుంది. ఆక్స్‌ఫర్డ్‌లో కుక్సన్, హాప్కిన్ బృందం అలర్జీ స్వభావాన్ని పదకొండో క్రోమోజోమ్‌లోని ఒక భాగంతో ముడిపెట్టింది. 2002లో బ్రిటన్, అమెరికాలకు చెందిన 460 కుటుంబాల నుంచి ఏడీఏఎం33 అనే జన్యువు దొరికింది. ఇది అలర్జీకి సంబంధించినది కాదు, గాలిగొట్టాల కండరానికీ గోడకూ సంబంధించినది. ఉబ్బసమంటే అలర్జీయే అన్న అభిప్రాయం అక్కడ బలహీనపడింది. గొట్టపు గోడ కట్టుబడిలోనే తేడా ఉండవచ్చన్న మాట.

2007లో పదిహేడో క్రోమోజోమ్ మీద ఓఆర్‌ఎండీఎల్3 ఉన్న ప్రాంతం బయటపడింది. ఈనాటిదాకా అనేక జనాల్లో తిరిగి తిరిగి రుజువైన ప్రాంతం ఇదే. దీని ప్రభావం చిన్నతనంలో మొదలయ్యే ఉబ్బసంలోనే ప్రధానంగా కనిపిస్తుంది; నలభై ఏళ్లకు మొదలయ్యే ఉబ్బసంలో బాగా తక్కువ. పసితనంలో పొగాకు పొగ తగిలిన పిల్లల్లో ఈ ప్రాంతంలోని ఒక జన్యురూపం తెచ్చే ముప్పు ఇంకా పెరిగింది. జలుబు వైరస్‌తో పసివయసులో పిల్లికూతలు వచ్చినవాళ్లలోనూ అంతే. యూరప్‌లోని పశువుల కొట్టాల దగ్గర పెరిగిన పిల్లల్లో మాత్రం అదే జన్యురూపం ఉన్నవాళ్లకు పిల్లికూతలు తక్కువగా వచ్చాయి. అంటే జన్యువు ఒంటరిగా ఏదీ నిర్ణయించదు. పిల్ల ఏ ఇంట్లో ఊపిరి పీలుస్తుందన్నది దాన్ని అటో ఇటో తిప్పుతుంది.

2010లో గాబ్రియల్ అనే బృందం 10,365 మంది రోగులను, 16,110 మంది ఇతరులను పోల్చి ఇంకొన్ని జన్యువులను పట్టుకుంది. ఐఎల్33, ఐఎల్1ఆర్‌ఎల్1, స్మాడ్3, హెచ్‌ఎల్ఏ వాటిలో కొన్ని. రక్తంలో అలర్జీ ప్రతిదేహమైన ఐజీఈని పెంచే జన్యువులు వేరు, ఉబ్బసం తెచ్చేవి చాలావరకు వేరు అని ఈ పనిలో తేలింది. గాలిగొట్టం లోపలి పొర దెబ్బ తిన్నప్పుడు అది పంపే అపాయ సంకేతం ఐఎల్33. ఐస్‌లాండ్ వాళ్లలో దొరికిన ఒక అరుదైన మార్పు ఈ సంకేతాన్ని బలహీనపరుస్తుంది. అది ఉన్నవాళ్లకు ఉబ్బసం ముప్పు తక్కువ. జబ్బు రావడం ఒకటి, అది ఎంత తీవ్రంగా నడుస్తుందన్నది మరొకటి. డెన్మార్క్‌లో 2014లో దొరికిన సీడీహెచ్‌ఆర్3 జన్యువు, రెండు నుంచి ఆరేళ్ల మధ్య పదేపదే ఆసుపత్రి పాలయ్యే పిల్లల్లో కనిపించింది. మరుసటి ఏడాది దాని పని తెలిసింది. సీ రకం రైనోవైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే తలుపు ఈ జన్యువు చేసే ప్రోటీనే. తొలకరిలో ఊళ్లో అందరికీ జలుబు చేసినా ఒక్క పిల్ల మాత్రం రాత్రికి రాత్రి ఆక్సిజన్ అవసరమయ్యే స్థితికి ఎందుకు చేరుతుందన్న దానికి ఇదొక కారణం కాగలదు. జన్యువులు మందు పనిచేసే తీరునూ మారుస్తాయి. గాలిగొట్టాలను వదులు చేసే సాల్బ్యుటమాల్ మందును పట్టుకునే గ్రాహకంలోనూ, స్టెరాయిడ్‌కు ఒళ్లు స్పందించడాన్ని ప్రభావితం చేసే జీఎల్‌సీసీఐ1లోనూ మనిషికీ మనిషికీ తేడాలున్నాయి. వీటిలో ఏ ఒక్క తేడా ప్రభావమూ పెద్దది కాదు. డజన్లకొద్దీ చిన్న చిన్న మొగ్గులు కలిసి ఒక స్వభావం అవుతాయి.

అందుకే మేనరికం వల్లనే పిల్లలకు ఉబ్బసం వచ్చిందనే మాటను అంత తేలిగ్గా అనకూడదు. పిఠాపురంలో పుట్టి జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర పనిచేసిన ద్రోణంరాజు కృష్ణారావు 1960ల మొదట్లో ఆంధ్రలోని దగ్గరి సంబంధాల పెళ్లిళ్లను సర్వే చేశారు. అలాంటి పెళ్లిళ్లు బలంగా బయటపెట్టేవి తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం వస్తేనే కనిపించే జబ్బులను. తలసీమియా అలాంటిది, ఉబ్బసం అలాంటిది కాదు. కులాల లోపలే జరిగిన పెళ్లిళ్ల ప్రభావం తెలుగు జన్యువుల్లో గాఢంగానే ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ 2009లో 25 సమూహాల 132 మందిని పరిశీలించి, మన సమూహాలు చాలావాటిలో వేల ఏళ్లుగా బయటి కలయిక తక్కువని చూపారు. ఆర్యవైశ్యుల్లో మత్తుమందు సమయంలో ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు పడని వాళ్లు ఎక్కువగా కనిపించడం ఈ చరిత్ర ఫలితమే. ఉబ్బసానికి ఇంత సూటి తెలుగు ఉదాహరణ లేదు.

ఉబ్బసం జన్యువుల పని ఎక్కువగా యూరప్ సంతతి వాళ్ల మీదే జరిగింది. 2018లో వచ్చిన పెద్ద సంకలనంలో రోగులు 23,948 మంది. వాళ్లలోనూ సింహభాగం యూరప్ మూలాల వాళ్లే. తెలుగువాళ్ల జన్యుపటం ప్రపంచ శాస్త్రవేత్తలకు అందుబాటులోకి వచ్చినది ప్రవాసుల ద్వారా. 2015లో పూర్తయిన వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులోని 26 జనాల్లో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు ఒకరు. వాళ్లలో 102 మంది ఇచ్చిన రక్తం ఇప్పుడు ఎన్నో ప్రయోగశాలల్లో పోలికకు ఆధారం. అందులో ఉన్నది జన్యుపటమే, జబ్బుల వివరాలు లేవు. యూరప్ లెక్కలతో తయారైన ముప్పు అంచనాలు దక్షిణాసియా వాళ్లకు అంత సరిగా పనిచేయవు. కాబట్టి జన్యు పరీక్ష చేసి మీ పిల్లవాడికి ఉబ్బసం వస్తుందో రాదో చెబుతామనే ప్రకటనలకు ఈ ప్రాంతంలో డబ్బు తగలెయ్యకపోవడమే మేలు.

జన్యువు, పరిసరం కలిసి పనిచేసే తీరును తేటగా చూపింది అమెరికాలోని ఆమిష్, హట్టరైట్ సమూహాల పోలిక. రెండూ యూరప్ నుంచి వెళ్లిన, జన్యుపరంగా దగ్గరి సమూహాలు. ఆమిష్ కుటుంబాలు ఇంటి పక్కనే పాడిపశువులను పెట్టుకుని పాత పద్ధతిలో సేద్యం చేస్తాయి. హట్టరైట్లది యంత్రాలతో చేసే ఉమ్మడి సేద్యం, పశువులు ఇళ్లకు దూరం. 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం బడిపిల్లల్లో ఉబ్బసం ఆమిష్‌లలో 5.2 శాతం, హట్టరైట్లలో 21.3 శాతం.

చికిత్స ఈలోగా తన దారిన నడిచింది. 1969లో సాల్బ్యుటమాల్, 1972లో బెక్లోమెథసోన్ ఇన్‌హేలర్ వచ్చాయి. బిగిసిన కండరాన్ని వదులు చేసేది మొదటిది, అసలు వాపును తగ్గించేది రెండోది. ఆయాసం వచ్చినప్పుడు సాల్బ్యుటమాల్ ఒక్కటే పీల్చుకుని సరిపెట్టుకోవడం సరికాదని ఉబ్బసంపై అంతర్జాతీయ ‘గినా’ మార్గదర్శకాలు 2019లో తేల్చిచెప్పాయి. తేలిక ఉబ్బసంలోనూ స్టెరాయిడ్ తోడు ఉండాలి. జన్యువుల వెతుకులాట మందులకు కూడా దారి చూపింది. గాలిగొట్టపు పొర పంపే ఇంకో అపాయ సంకేతం టీఎస్‌ఎల్‌పీ. దాని జన్యువులోని తేడాలకు ఉబ్బసంతో సంబంధం ఉందని జన్యు అధ్యయనాలు చూపాయి. ఆ సంకేతాన్ని అడ్డుకునే టెజెపెలుమాబ్ సూదిమందుకు 2021 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది మామూలు ఇన్‌హేలర్లకు లొంగని తీవ్ర ఉబ్బసానికి ఇచ్చే ఖరీదైన మందు. మిగతా ఎక్కువమందికి వైద్యుడు రాసేది రోజూ పీల్చే చిన్న మోతాదు స్టెరాయిడ్‌నే. కుటుంబ చరిత్ర ఉన్న ఇంట్లో పొగ, బూజు తగ్గించమని, గడ్డివాము దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకోమని, పిచికారీ రోజున పిల్లలను తోటకు పంపవద్దని కూడా చెబుతాడు.